తొడ వెనక పసుపు చుక్కలు

వానాకాలంలో బోధన్ వైపు వెళ్లి చెట్టుకప్పలు చూడాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను మాత్రం చూడటానికి వెళ్లలేదు, నా మాట నెగ్గించుకోవడానికి వెళ్లాను. అరవైల నాటి సంగతి. ధర్పల్లి దగ్గర మా ఊళ్లో బస్సు ఆగే చోట గంగవ్వ చాయ్ అమ్మేది. శ్రావణంలో ఒక పొద్దున ఆమె నీళ్ల కుండ మీదినుంచి గోధుమరంగు కప్ప ఒకటి గోడ మీదికి దూకింది. దూకినప్పుడు కాళ్ల దగ్గర పసుపు చుక్కలు మెరిశాయి. "సుక్కలున్నయంటే ఇసమే" అన్నాను, అందరికీ వినపడేలా. నాలుగో తరగతి చదివి ఊళ్లోవాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ని. ఎక్కువ మాట్లాడను, అందుకే మాట్లాడితే నమ్మేవాళ్లు. మూడు రోజులు ఆమె చాయ్ ఎవరూ ముట్టలేదు. ఆ పొయ్యి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

నాలుగో రోజు గంగవ్వే కప్పను పట్టి, మూతకు చిల్లులు పొడిచిన డబ్బాలో వేసి నా చేతికిచ్చింది. "నీకంటె ఎక్కువ సదివినోళ్లకు సూపెట్టుకరా బిడ్డా. ఇసమైతె నేనే పొయ్యి ఆర్పేస్త."

బోధన్‌లో సైన్సు మాస్టారున్నారని విని, ఆరున్నర బస్సుకు నిజామాబాద్ వెళ్లి, అక్కడ బోధన్ రైలెక్కాను. టికెట్టు రూపాయి లోపే. ఎడపల్లి దాటాక రెండు వైపులా చెరకే. పక్కనున్న రైతు డబ్బాలోకి తొంగి చూసి, "వానలు పడుతనే ఉన్నయి గదనే, ఇంక కప్పనెందుకు ఊరేగిస్తున్నవ్?" అన్నాడు. రైలుపెట్టెంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

బోధన్‌లో అడిగితే, కోస్తా నుంచి వచ్చిన ఆ మాస్టారి ఇల్లు చూపించారు. స్టేషన్ నుంచి పావుగంట నడక. ఇది విషమా అని అడిగి డబ్బా ఇచ్చాను. ఆయన ముందు తన చేతులు తడుపుకుని, తర్వాత కప్పను తీశారు. "వేళ్ల చివర బిళ్లలు చూశారా? గోడలు పట్టుకునేది వీటితోనే." మెల్లగా ఒక కాలు చాపారు. తొడ వెనక ముదురు గోధుమరంగు మీద గుండ్రటి పసుపు చుక్కలు. "కూర్చుంటే ఇవి కనపడవండి. ఇది చెట్టుకప్ప. మా స్నానాలగదిలో రెండున్నాయి, రోజూ నాతోపాటే స్నానం. విషమని ఎవరన్నారు?"

అన్నది నేనేనని చెప్పాలి. "ఊళ్లె అంటున్నరు సార్" అన్నాను.

"అయితే ఊళ్లో ఎవరూ సరిగా చూడలేదన్నమాట" అని ఆయన నవ్వారు.

సాయంత్రం బస్సు దిగేసరికి అక్కడ ఐదారుగురున్నారు. గంగవ్వ దగ్గరికి వెళ్లి "ఇసం లేదవ్వా" అన్నాను.

"గంత మెల్లగ జెప్తె ఎవలకినవడ్తది? ఆ దినం ఊరంత ఇన్నది గద నీ గొంతు."

చాయ్ అడిగి, అందరి ముందు నిలబడి తాగాను. అది చూసి ఒక్కొక్కరే వచ్చారు. ఆమె డబ్బా మూత తీసి కప్పను కుండ పక్కన వదిలింది. "నువ్వు చాయ్ తాగుడు సూసిండ్రు బిడ్డా. తప్పు నీదని ఇనలె."

గంగవ్వ పోయి చాలా ఏళ్లయింది. పొయ్యి మళ్లీ వెలిగింది కదా, చాలులే అనుకుంటూ వచ్చాను. చాలలేదు. ఆ మాట అన్నది ఊరు కాదు, నేను. మాస్టారికీ చెప్పలేదు, ఊరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మీరు వెళితే, కప్పను ముట్టే ముందు చేతులు తడుపుకోండి. తొడ వెనక చూడండి. పేరు ఆ తర్వాతే చెప్పండి.