నాలుగు రోజులు ముంచాల్సిన పడవ

తొంభైల్లో మా బాబాయికి నర్సాపురం రేవులో ఒక చెక్క పడవ ఉండేది. మాఘం వచ్చిందంటే భీమవరం రొయ్యల చెరువుల ఆసాములు అతిథుల్ని వెంటేసుకుని వచ్చి దాన్ని అద్దెకు తీసుకునేవారు. ఏరు సముద్రంలో కలిసేచోటికి వెళ్లి గేలాలతో పండుగప్పలు పట్టేవారు. నిజానికి చేపల్ని పట్టేది సరంగు, అంటే పడవ నడిపే ఆయన. వాళ్లు ఫోటోలు దిగేవారు.

ఆ ఏడు పడవ చాలాకాలం గట్టు మీద ఎండలో ఉండిపోయింది. చెక్కలు ఎండి సందులు విచ్చుకున్నాయి. సరంగు పెద్ద సందుల్లో పత్తి కూరి గుగ్గిలం పూశాడు. చిన్నవి బిగియాలంటే పడవను కాలువలో ముంచి నాలుగు రోజులు ఉంచాలన్నాడు. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయి. గోదావరి జిల్లాల్లో పడవ ఉన్న ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. మా బాబాయి పడవ కొన్నాడు గానీ దాంతో పరిచయం పెట్టుకోలేదు.

ఆదివారం ఆసాముల మొదటి పార్టీ రావాలి. శుక్రవారం వాళ్ల మనిషి పడవ చూసుకోవడానికి వస్తానన్నాడు.

“మునిగిపోయిన పడవని చూపించమంటావేంటయ్యా?” అన్నాడు బాబాయి.

“మునిగిపోలేదండి, మనమే ముంచామని చెబుదామండి.”

“ఆ తేడా నువ్వు చెప్తావా వాడికి?”

“ఆయ్, చెప్తానండి. పడవ వాళ్లని ముంచేకంటే మనం పడవని ముంచుకోవడం నయం కదండీ.”

బాబాయి నావైపు తిరిగాడు. నేనప్పుడు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. “ఒరేయ్ లెక్చరరూ, నువ్వు చెప్పు. రెండు కోటింగులు పెయింటు కొడితే సరిపోదూ?”

సరంగు కూడా నావైపే చూశాడు. ఎదురుగా చెక్కల సందుల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

“సరిపోవచ్చు బాబాయ్,” అన్నాను. బాబాయి మాట కాదన్నవాళ్లు మా ఇంట్లో లేరు. ఆ రికార్డు పాడుచేయడం నాకిష్టం లేకపోయిందనుకుంటాను. ఇప్పుడు తలుచుకున్నా నన్ను నేను లాగి ఒకటి కొట్టాలనిపిస్తుంది.

సరంగు గుగ్గిలం డబ్బాకి మూత పెట్టాడు. “అయితే నేను నడపనండి. మనుషులెక్కే పడవండి ఇది,” అని తువ్వాలు భుజానేసుకుని వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి ఆ చుక్కాని ఆయన చేతిలోనే ఉంది. బాబాయి “పొగరు” అని ఒక్క ముక్కలో తేల్చేసి, పడవకి నీలం రంగు వేయించి, ఇంకొకణ్ణి చుక్కాని దగ్గర కూర్చోబెట్టాడు. శుక్రవారం వచ్చిన మనిషి ఆ రంగు చూసి సరేనన్నాడు.

ఆదివారం ఏటి మధ్యకు చేరేసరికి అతిథుల బూట్లు తడిశాయి, తర్వాత పిక్కలు. పులావు నీళ్లలో పారబోసి ఆ గిన్నెతోనే నీళ్లు తోడారు. చేపలకు ఆ సీజను బాగా మొదలైంది. ఎలాగో పడవ ఇసుక లంకకు తగులుకుంది గనక అందరూ బతికారు. సాయంత్రం బాబాయి రేవులో, “టైముకి సరంగు హ్యాండిచ్చాడండి, అందుకే ఇలా అయింది,” అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. కోపంతో ఒళ్లు మండిపోయింది.

ఆ సరంగు ఉంటేనే ఎక్కుతామని పార్టీలు తెగేసి చెప్పడంతో, మర్నాడు బాబాయి ఆయన్ని పిలుచుకురమ్మని నన్నే పంపాడు. వెళ్లేసరికి ఆయన ఇంకెవరిదో పడవకి పత్తి కూరుతున్నాడు.

“రండి మాస్టారూ, టీ తాగుతారా?” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. వచ్చిన పని చెప్పాను.

“రానండి. ఆ చుక్కానంటే నాకు ప్రాణమేనండి. కానీ నా మాట చెల్లని పడవలో జనాన్ని ఎక్కించుకుని ఎలా వెళ్లనండి? ఆవేళ మీకూ తెలుసు కదండీ.”

తెలుసు.

తిరిగొచ్చి చెబితే బాబాయి, “ఏంటి, ఎక్కువ అడుగుతున్నాడా?” అన్నాడు.

“లేదు. నువ్వే వచ్చి, రేవులో నలుగురి ముందు తప్పు నీదేనని ఒప్పుకోమన్నాడు.”

సరంగు ఆ మాట అనలేదు. అనాల్సింది.

“వాడు అంతటివాడయ్యాడా?”

“ముందునుంచీ అంతటివాడే బాబాయ్,” అన్నాను. వారం క్రితం పడవ పక్కన నిలబడి అనాల్సిన మాట అది. బాబాయి వెళ్లలేదు. ఆ సీజనంతా సరంగు పక్క రేవులో వేరేవాళ్ల పడవ నడిపాడు.