గాలి ఉందని రాసిన రోజులు

మొయినాబాద్‌లో మా డాబా మీద ఎండకు కొదవలేదు. ఇంటికి కావలసిన కరెంటు మనమే పుట్టించుకుందామని మావారు అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నవి సోలార్ పలకలే. నేను మాత్రం గాలిమర కూడా కావాలన్నాను.

నేను పుట్టింది గోదావరి లంకలో. అక్కడికి కరెంటు తీగలు రాకముందు మా నాన్న పాత డైనమోకి చెక్క రెక్కలు బిగించి చిన్న గాలిమర చేశారు. తరవాత ఎవరో ఒక సోలార్ పలక ఇచ్చారు. వేసవిలో పలకే నయం. ముసురు పట్టి పలక పడకేసిన రోజుల్లో రెక్కలు ఆగకుండా తిరిగేవి. ఆ గరగర చప్పుడు మధ్యే నాన్న సాయంత్రం బైబిలు వాక్యం చదివేవారు. చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు వచ్చి ఆ ఒక్క బల్బు కింద కూర్చునేవారు. నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మా ఇల్లున్న ఒడ్డును నది కోసుకుపోయింది. వెళ్లి చూసుకుందామన్నా అక్కడ నీళ్లే.

సోలార్ బిగించడానికి చేవెళ్ల నుంచి వచ్చినతను నా మాట విని నవ్వాడు.

"ఈడ గాలికి జోరుండదమ్మా. మోకిల దిక్కు ఒకాయన పెట్టించిండు. ఇప్పుడు దాని మీద పావురాలు కూసుంటున్నయి."

"మా డాబా ఎత్తు కదా."

"సరే, నెల రోజులు గుడ్డపేలిక కట్టి చూడున్రి. ఎగిరిన దినాలు రాసిపెట్టున్రి. సగం దినాలన్న ఎగిరితే పెడదం. కాని దాని నీడ పలకల మీద పడొద్దు, సగం డాబా ఇడిసిపెట్టాలె."

పాత చీర అంచు చింపి కర్రకు కట్టాను. రోజూ ఉదయం ప్రార్థన డాబా మీదే చేసుకుని, పేలికను చూసి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. చాలా రోజులు అది కర్రకు అంటుకుని వేలాడేది. కళ్లు మూసుకుంటే మాత్రం నాన్న గొంతు, వెనక రెక్కల చప్పుడు. ఒకరోజు ప్రార్థన ముగించి, కదలని పేలిక ముందే నిలబడి "గాలి ఉంది" అని రాసేశాను. మర్నాడూ రాశాను.

నెలాఖరున మావారు పేజీలు తిప్పి, "నువ్వే నెగ్గావు. సగం వదిలేద్దాం" అన్నారు. ఒక్కరోజు కూడా ఆయన పైకి వచ్చి చూడలేదు. నేను రాస్తే చాలనుకున్నారు. ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధ సాక్ష్యం గురించి చెప్పేది నేనే.

"అందులో తొమ్మిది రోజులు గాలి లేదండీ. అవి తీసేస్తే సగం రావు."

ఆయన నోట్‌బుక్ మూశారు. "మరి ఎందుకు రాశావు?"

"ఆ చప్పుడు మళ్లీ వినాలని."

నోట్‌బుక్ నా ముందుకు జరిపి అన్నారు, "రేపు ఆ చేవెళ్లతనికి నువ్వే చెప్పు. పావురాల కథ మళ్లీ వింటావు, అదే నీకు శిక్ష."

మర్నాడు చెప్పాను. అతను పావురాల మాటెత్తలేదు. "గట్లనా అమ్మా" అని, పలకల కోసం డాబా మొత్తం కొలవడానికి టేపు కొస నా చేతికిచ్చాడు. దాన్ని పట్టుకుని, పిట్టగోడ వీపుకి తగిలేదాకా వెనక్కి నడిచాను.