పీతల కోసం ఏట్లోకి దిగిన రోజు

గమ్హరియా పారిశ్రామికవాడలో నేను పనిచేసే చిన్న కర్మాగారానికి చైనా నుంచి ఇనుప రేకులు వంచే ప్రెస్సు ఒకటి కొంటున్నారు. ఓడ ఎక్కించే ముందు దాన్ని నడిపించి చూసి రమ్మని నన్నూ, మా ఫోర్‌మన్‌నూ పంపారు. ఆయన నాకు పరాయివాడు కాదు. మేముండే బారిడీహ్‌లో మా వెనక వీధే. చిన్నప్పటి నుంచీ మావయ్యా అనే పిలుస్తాను. యాభై ఆరేళ్ళ మనిషి, నీళ్ళు కనిపిస్తే ఆగలేడు.

ఆదివారం అక్కడి కర్మాగారానికి సెలవు. మా ప్రెస్సు తనిఖీ చూస్తున్నావిడ కొంచెం ఇంగ్లీషు మాట్లాడుతుంది. తన పల్లెకు రమ్మని, వాళ్ళ నాన్న వండిపెడతాడని పిలిచింది. తెల్లవారాక తనే కారు తోలుకుంటూ వచ్చింది. దారిలో ఒక చిన్న కొట్టు దగ్గర ఆపి, వేడి పులుసులో మునిగిన బియ్యప్పిండి సేమియా తినిపించింది. పైన ఊరబెట్టిన చిక్కుడు ముక్కలు, ఎర్రటి మిరప నూనె. మావయ్య ముక్కు తుడుచుకుంటూ, "ఏటమ్మా, వీళ్ళు మనకంటే కారం తింతన్నారు" అన్నాడు. గిన్నె మాత్రం ఖాళీ చేశాడు.

తర్వాత రోడ్డు కొండల్లోకి మలుపులు తిరిగింది. పొగమంచు కారు అద్దాలకు అంటుకునేంత దగ్గరగా వచ్చింది. కింద లోయలో ఏరు కనిపించింది. వెడల్పాటి ఏరే, కానీ రాళ్ళ మధ్య సన్నటి పాయ తప్ప నీళ్ళు లేవు. ఒడ్డున బండల మీద ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. ఏమిటని అడిగాను. "జాగ్రత్త అని" అంది ఆవిడ. మళ్ళీ ఏటి వైపు చూడకుండా కారు తోలింది.

పల్లెలో సగం ఇళ్ళకు తాళాలే. ఏటి వైపు గోడల మీద నా భుజం ఎత్తున ఒక మట్టి గీత ఉంది. ఇంటింటికీ అదే ఎత్తున సాగిపోతోంది. వాళ్ళ నాన్నకు డెబ్బై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి తల ఊపి, వంటింట్లోకి వెళ్ళి వెదురు కొమ్ములు తరగడం మొదలుపెట్టాడు. వానాకాలంలో మా ఊళ్ళో మాంగో అనే పేట బజారులో అమ్మేవాటిలాంటివే.

"వంటయ్యేలోపు ఏట్లో పీతలు చూసొద్దాం రామ్మా. చిన్నప్పుడు సువర్ణరేఖలో ఎన్ని పట్టేవాడినో" అన్నాడు మావయ్య.

ఆవిడ ఫోనులో మాట్లాడుతోంది. మేము ఏటి మెట్లు దిగుతుంటే పెద్దాయన కిటికీలోంచి ఏదో అన్నాడు. మళ్ళీ గట్టిగా అన్నాడు, చేతిలో కత్తి అలాగే ఉంది. భోజనానికి త్వరగా రమ్మంటున్నాడనుకుని మావయ్య చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఏట్లో రాళ్ళు ఆరిపోయి తెల్లగా ఉన్నాయి. మావయ్య ప్యాంటు మడిచి, రాయి మీంచి రాయి మీదికి దాటుకుంటూ నడి ఏటికి వెళ్ళాడు. రెండు పీతలు పట్టి ప్లాస్టిక్ సంచిలో వేశాడు. నేను ఒడ్డుకు దగ్గరగా కూర్చున్నాను. అప్పుడు ఎక్కడో ఎగువన సైరన్ మోగింది. చాలాసేపు మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"షిఫ్టు మారినట్టుంది" అన్నాడు మావయ్య.

ఆదివారం షిఫ్టేమిటన్న ఆలోచన నాకు రాలేదు. పుట్టినప్పటి నుంచీ కర్మాగారాల సైరన్లు వింటూ పెరిగినవాళ్ళం. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కాసేపటికి గాలి చల్లబడింది. పచ్చి మట్టి వాసన వచ్చింది. నా కాళ్ళ దగ్గర గులకరాళ్ళు తడిసి ఉన్నాయి, ఇందాక పొడిగా ఉన్నవే. పాయ రంగు మారి టీలా కనిపించింది.

"మావయ్యా, వచ్చెయ్."

"బస్, అంతే, రెండు నిమిషాలు. పెద్దదొకటి దొరికేలా ఉంది."

పైన గట్టు మీద ఆవిడ కనిపించింది. రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది. మాట అర్థం కాలేదు, గొంతు అర్థమైంది. నేను మావయ్య వైపు తిరిగేసరికి ఆయన దాటి వెళ్ళిన రాళ్ళలో మూడు కనిపించలేదు. నీళ్ళు చప్పుడు లేకుండా లేచాయి. మావయ్య సంచి వదిలేసి నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు.

"ఎటు రావాలమ్మా?" అన్నాడు, చంటిపిల్లాడిలా.

పెద్దాయన పొడవాటి వెదురు గడ పట్టుకుని నా పక్కనుంచి తొడల్లోతు నీళ్ళలోకి దిగాడు. ఆవిడ తండ్రి నడుము పట్టుకుంది, నేను ఆవిడను పట్టుకున్నాను. మావయ్య గడ అందుకున్నాడు. ఒకసారి మునిగాడు. మోకాలు రాతికి కొట్టుకుంది. గడ వదల్లేదు. మెట్ల మీదికి లాగాక వెనక్కి చూశాను. మావయ్య నిలబడ్డ రాయి కనిపించలేదు.

ఇంట్లో మావయ్య పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పెద్దాయన అల్లం వేసి కాచిన నీళ్ళు తాగించాడు. లోపలి గదిలో పెట్టె తెరిచి, మడత పెట్టిన ప్యాంటూ, నీలం చొక్కా తెచ్చాడు. అవి మావయ్యకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. పెద్దాయన చొక్కా కాలరు సర్ది, ఒక్క క్షణం చెయ్యి అక్కడే ఉంచాడు.

"ఎవరివి?" అని ఆవిడను అడిగాను.

"మా అన్నవి."

"ఊళ్ళో లేడా?"

ఆవిడ కిటికీలోంచి ఏటి వైపు చూసింది. "అది ఎగువ డ్యాము నీళ్ళు వదిలే సైరన్. అన్న విన్నాడు. నీళ్ళు వచ్చేలోపు చేపల వల తీసుకుని వస్తాననుకున్నాడు" అంది.

తర్వాత భోజనం పెట్టారు. వెదురు కొమ్ముల వేపుడు, టమాటా వేసిన గుడ్లు, వేడన్నం. కిటికీ కింద ఏరు గోడను రాసుకుంటూ పోతున్న చప్పుడు. పెట్టినదంతా మావయ్య తల ఎత్తకుండా తిన్నాడు. పెద్దాయన మావయ్య తినడాన్నే చూస్తూ కూర్చున్నాడు, తను ముట్టలేదు. బయల్దేరేటప్పుడు బట్టలు తిరిగి పంపుతామన్నాను. వద్దని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

ప్రెస్సు బాగానే నడిచింది. సంతకాలు పెట్టి వచ్చేశాం. విమానంలో మావయ్య ఒకే మాట అన్నాడు. "ఇంట్లో సెప్పకమ్మా. మీ అత్త బయపడిపోద్ది." వచ్చాక మూడు రోజులు జ్వరం పడ్డాడు.

నాలుగో రోజు చూడ్డానికి వెళ్తే అత్తయ్య నన్ను దండెం దగ్గరికి తీసుకెళ్ళింది. నీలం చొక్కా ఆరుతోంది.

"ఇది ఎవరిదమ్మా? పారేత్తానంటే ఒప్పుకోటం లేదు. తొడుక్కోమంటే తొడుక్కోటం లేదు."

"అక్కడే కొన్నారు అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య కాలరు తిప్పి చూసింది. అక్కడ ఎవరో చేత్తో వేసిన మాసిక ఉంది. దాని మీద వేలు పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడింది.