పుండు మానింది, రోగం పోలేదు

కరోనా రావడానికి ముందు ఏడాది. అప్పటికి నేను పోర్ట్ బ్లెయిర్‌లో, బతు బస్తీ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్నాను. మా ఆయన సముద్రంలో పోయాక దొరికిన పని అది. నాకు చదువు లేదు, సంతకం మటుకు పెడతాను. ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మాట మొరటుగా ఉంటే అది నాదే, దాన్ని తిట్టకండి.

నా డ్యూటీ డ్రెస్సింగ్ రూములో. డ్రెస్సింగంటే పుండు కడిగి, మందు పెట్టి, కట్టు కట్టడం. కట్టేది సిస్టరు. నేను వేడినీళ్లు పెట్టాలి, పాత కట్టు తడిపి ఊడదియ్యాలి, కాలు కదలకుండా పట్టుకోవాలి. అన్నిటికన్నా ఆ పట్టుకోవడమే కష్టం. నొప్పికి తన్నే కాలైతే ఎలాగోలా పట్టుకోవచ్చు. తన్నని కాలు పట్టుకుంటేనే నాకు భయం. షుగరు ముదిరినోళ్ల కాళ్లు అలాగుంటాయి. ఇక్కడ కత్తెరతో కుళ్లు కోస్తుంటే వాళ్లు కిటికీలోంచి వచ్చేపోయే ఆటోలు చూస్తూ కూర్చుంటారు.

నూకరాజు కాలు అలాంటిది.

జంగ్లీఘాట్ చేపలరేవు మనిషి. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినోళ్లు, మా వాళ్లలాగే. సొంత డింగీ ఉంది, అంటే ఇంజను పెట్టిన చిన్న పడవ. మా ఆయన్ని బావా అనేవాడు, నన్ను అప్పా అంటాడు, అక్కా అని. మొదటిరోజు వాణ్ణి పెళ్లాం దానమ్మ తీసుకొచ్చింది. దానమ్మ ఏడుస్తోంది, వాడు నవ్వుతున్నాడు.

"ఏటయిందే?" అన్నాను.

"ఇల్లంతా నెత్తుటి అడుగులప్పా! ఈ మనిషేమో ఎతుకుతున్నాడు, ఎవలి నెత్తురే ఇది, ఎవలి నెత్తురే ఇది అనీసి. ఎతుకుతూ ఎతుకుతూ మిగిలిన గది కూడా పూసేశాడు!"

అరికాల్లో జెల్ల చేప ముల్లు విరిగి ఉంది. ఎప్పుడు దిగిందో వాడికే తెలీదు.

డాక్టరమ్మ ఢిల్లీ వైపు మనిషి, మంచిది. వాణ్ణి కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో అరికాలు అక్కడక్కడా తాకింది. మోనోఫిలమెంట్ టెస్టంటారు దాన్ని. పోగు తగిలినప్పుడల్లా 'ఆఁ' అనాలి. వాడు బడిపిల్లాడిలాగ బుద్ధిగా కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని, "మొదలెట్టండి డాక్టరమ్మా" అన్నాడు. అప్పటికి టెస్టు అయిపోయింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఆ కాలు వైపు చూశాను.

ఆ తర్వాత నెలల తరబడి నడిచింది డ్రెస్సింగు. పడవ ఒడ్డున ఎండిపోతోందని వాడికి ఒకటే దిగులు. అయినా నోరు ఊరుకునేది కాదు. మలయాళీ సిస్టరుతో అనేవాడు, "దీదీ, నా కాలికి చేసినంత సేవ మీ ఆయనకి చేస్తున్నారా?" సిస్టరు కట్టు చుడుతూనే, "మేరా ఆద్మీ మఛ్లీ నహీ లాతా" అనేది. మా ఆయన నీలాగ చేపలు తేడు గదా అని. నిజమే, వాడు నడవలేని రోజుల్లో కూడా ఎవరిచేతో చేపలు పంపించేవాడు.

మెల్లిగా తెల్లటి కుళ్లు పోయి ఎర్రటి కండ వచ్చింది. అంచుల నుంచి చర్మం లోపలికి కమ్ముకుంటూ వచ్చి, ఒకరోజు చూస్తే పుండు లేదు. దానమ్మ కోనాం చేప ముక్కలు వేయించి తెచ్చింది అందరికీ. ఆ రోజు డాక్టరమ్మ వాణ్ణి కూర్చోబెట్టి చెప్పింది.

"నూకరాజు, ఘావ్ హీల్ హో గయా. షుగర్ క్యూర్ నహీ హువా. దోనో అలగ్ హై."

హీల్, క్యూర్, రెండూ వేరట. అప్పటిదాకా ఆ రెండూ నాకు ఒకటే. బాగైపోయింది అనడానికి ఇంగ్లీషోళ్లకి రెండు మాటలున్నాయి కాబోలు అనుకునేదాన్ని. డాక్టరమ్మ విడదీసి చెప్పింది. హీలనేది పుండుకి, విరిగిన ఎముకకి. తెగింది అతుక్కోవడం, మానడం. క్యూరనేది రోగానికి. ఒంట్లోంచి రోగం పూర్తిగా పోవడం. ఆపరేషను కోత హీలవుతుంది. టీబీ ఉన్నోడు మందులు ఆపకుండా మింగితే క్యూరవుతుంది. షుగరు అలా పోదు, అదుపులో పెట్టుకుని బతకడమే. కాలు మానింది గాని, మొద్దుబారిన కాలు మొద్దుబారినట్టే ఉంటుంది, ముల్లు దిగినా చెప్పదు.

నూకరాజు తలూపాడు. "పడవకి చిల్లు పూడ్చాం గాని, కింద చెక్క పుచ్చిందే. అంతే గదా?"

నేను హిందీలో చెబితే డాక్టరమ్మ సంబరపడిపోయింది. "బిల్కుల్!" అంది. ఎంత బాగా అర్థమైందో చూడండి వాడికి. అర్థం కాక చెడిపోయినోడు కాదు నూకరాజు.

ఎంసీఆర్ చెప్పులు ఇప్పించింది. లోపల మెత్తటి రబ్బరు అట్ట ఉంటుంది, మొద్దుబారిన కాళ్లకి అవే వెయ్యాలి. "ఏక్ కదమ్ భీ నంగే పైర్ నహీ," అంది. ఒక్క అడుగు కూడా ఉత్తకాలితో వెయ్యకూడదని. వాడు అలాగే చేశాడు. బాత్రూముకీ అవే, వంటింట్లోకీ అవే. వాళ్లమ్మ తిట్టినా విప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే చేపలకని జంగ్లీఘాట్ వెళ్లాను. జెట్టీ అంచున ఆ నల్ల చెప్పులు పక్కపక్కన విప్పి ఉన్నాయి, గుడి ముందు విప్పినట్టు. పడవ లేదు. పడవొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. నూకరాజు ఉత్తకాళ్లతో దిగి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"ఏరా, డాక్టరమ్మ ఏటని చెప్పింది?"

"ఒడ్డు మీద ఒక్కడుగు ఉత్తకాలితో ఎయ్యలేదప్పా. గంగమ్మ మీదొట్టు."

"మరి పడవలో?"

నేనేదో బూతు మాటన్నట్టు చూశాడు. "పడవలో చెప్పులేటప్పా? మా బావ ఏసుకున్నాడేటి ఏనాడైనా?"

ఏసుకోలేదు మరి. మాలో ఎవరూ ఏసుకోరు. పడవంటే గంగమ్మ. ముందు కొనకి పసుపు రాస్తాం, బొట్టు పెడతాం, ఎక్కేముందు తాకి కళ్లకద్దుకుంటాం. ఒకసారి ఎవరో ఆఫీసరుగారి అబ్బాయి బూట్లతో ఎక్కితే మా ఆయన ఆ బూటు ఊడబీకి సముద్రంలోకి విసిరాడు. అప్పుడు ఒడ్డున అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. అలాంటిదాన్ని, పడవలో చెప్పులేసుకోరా అని ఏ నోటితో చెప్పను?

"నీ ఇష్టంరా" అన్నాను. చేపలు తీసుకుని వచ్చేశాను.

డాక్టరమ్మకి పడవ సంగతి తెలీదు. రోజులో నూకరాజు ఎక్కువ అడుగులు వేసేది ఒడ్డు మీద కాదు, పడవలో. ముళ్లూ గేలాలూ ఉండేది కూడా అక్కడే. అది తెలిసినోళ్లం నేను, దానమ్మ, వాడు. మా ముగ్గురికీ అది మాట్లాడుకునే విషయంలా కనబడలేదు. గంగమ్మ దగ్గర డాక్టరు చీటీ పనిచేస్తుందని ఎవరనుకుంటారు?

వానలు తగ్గాక రెండ్రోజుల వేటకెళ్లాడు. పడవలోనే గేలం అరికాల్లో దిగింది, తెలీలేదు. దాంతోనే వల లాగాడు, దాంతోనే ఒడ్డుకొచ్చాడు. జెట్టీ మీద బుద్ధిగా చెప్పులు తొడుక్కుని, ఆ గేలం మీదే ఇంటిదాకా నడిచాడు. జ్వరం ముంచుకొచ్చి, వాసనేస్తుంటే, దానమ్మ చెప్పు విప్పి చూసిందట.

మా దగ్గరికి తెచ్చేసరికి మోకాలి దిగువంతా నల్లబడింది. డాక్టరమ్మ అడిగింది, చప్పల్ వేసుకోలేదా అని. దానమ్మ ఏడుస్తూ, "పెహనా మేడమ్, పెహన్‌కే హీ ఆయా," అంది, వేసుకునే వచ్చాడని. అప్పుడు చెప్పాను నేను, పడవలో విప్పుతారని. ఆవిడ కుర్చీలో కూలబడింది. "ముఝే కిసీనే బతాయా నహీ, దీదీ," అంది, నాకెవరూ చెప్పలేదే అని. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పెద్దాసుపత్రికి పంపారు. మోకాలి కింద నుంచి కుడికాలు తీసేశారు.

చూడ్డానికి వెళ్లినప్పుడు వరండాలో దాసుడు తాత కూర్చునున్నాడు. మా గంగమ్మ పూజలు చేసేది ఆయనే. ఆయన దగ్గర ఏడ్చేశాను. ఆ చెప్పుల సంగతి, జెట్టీ సంగతి, మొత్తం చెప్పాను.

"ఒడ్డు తొక్కిన చెప్పు పడవెక్కకూడదే," అన్నాడు. "పడవలోనే ఉండే చెప్పుకి మైలేటే? కొత్త జత తెచ్చి, పసుపు రాసి, అమ్మ ముందెట్టి, పడవలోనే ఒగ్గీడమే. బిడ్డ కాలు పోగొట్టుకోమని అమ్మ అంటాదా? అడిగితే సెప్పీవోణ్ణి గదా."

"ఎవలూ అడగలేదు తాతా."

"నువ్వూ అడగలేదు," అన్నాడు.

అంత దగ్గరలో ఉంది దారి. దాసుడు తాత ఇల్లు జెట్టీకి కూతవేటు.

కోసిన కాలికి డ్రెస్సింగు మళ్లీ మా రూములోనే. అది చక్కగా మానింది, చీము లేదు, చిరాకు లేదు. ఆఖరి రోజు సిస్టరు, "అచ్ఛా హీల్ హో గయా," అంది. నూకరాజు ఆ మొండి కాలు వైపు చూసుకుని, నన్నడిగాడు.

"అప్పా, ఇది కూడా హీలేనా?"

సిస్టరు ట్రే తీసుకుని అటు తిరిగిపోయింది. నేను లుంగీ సర్ది, "హీలేరా తమ్ముడా," అన్నాను. ఏం చెప్పను మరి? ఆ మాటకి అర్థం అదే. మానితే చాలు, ఏం పోయాక మానిందో ఆ మాటకి అక్కర్లేదు.

ఇప్పుడూ వేటకెళ్తాడు. ఇంజను దగ్గర కూర్చుంటాడు, వల ఇంకొకళ్లు లాగుతారు. ఎడమకాలికి తాత చెప్పినట్టు పసుపు రాసిన కొత్త చెప్పు, పడవ దాటి రాని చెప్పు. చెప్పులు జతగానే ఇస్తారు గదా, కుడికాలిది తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నాకెందుకప్పా ఇది, నువ్వుంచు," అన్నాడు. పారెయ్యలేక డ్రెస్సింగ్ రూము అరలో పెట్టాను.

హీలు చెయ్యడం ఆ గదిలో మా చేతనవుతుంది. క్యూరు లేని రోగం మాత్రం మనిషితోపాటే గది దాటి వెళ్తుంది. ఇంటికెళ్తుంది, పడవెక్కుతుంది. ఎక్కడెక్కడికెళ్తుందో మనమే అడగాలి. అందుకే ఇప్పుడు పడవ మనిషి ఎవరొచ్చినా, కట్టు తడపకముందే ఆ కుడికాలి చెప్పు తీసి ముందు పెడతాను. పెట్టి ఒకటే అడుగుతాను.

"చెప్పులు ఎక్కడెక్కడ విప్పుతావో ముందు అది చెప్పు నాయనా."