ఇంటి పన్ను కోసం వెలసిన గుడి

ఆ రోజుల్లో మా మదనపల్లె ఇంటికి ఏ సంగతైనా పాల పెద్దమ్మ చెంబుతోబాటే వచ్చేది. డెబ్భైల చివరి మాట. మా ఇంటాయనకు కుప్పం రైల్వే స్టేషనులో ఉద్యోగం, నెలకోసారి వచ్చేవారు. అత్తమామలు పోయాక (కన్నకూతురిలా చూసుకున్నారు, ఆ రుణం తీరేది కాదు) ఆ ఇంట్లో నాతో మాట్లాడేందుకు మిగిలింది పూజగదిలోని వెంకటరమణస్వామి ఒక్కడే. ఆయనా తక్కువ మాటలవాడు. బడి మొహం చూడకపోయినా నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని కాబట్టి, పొట్లం కట్టిన పేపరు ముక్క దొరికినా ఆయన ముందు కూర్చుని పైకి చదివేదాన్ని.

ఆ ఏడాది ఇంటి పన్ను ఉన్నట్టుండి పెరిగింది. వీధిలోకి తలుపున్న మా ముందుగదిని అంగడి కింద లెక్కగట్టారట. మా ఇంటాయన వచ్చి, "ఇంత పన్ను కట్టుకుంటా ఈ ఇల్లు మనకి యాల? బాడుగకిచ్చేస్తాం. నువ్వు పుంగనూరులో మా అక్క దగ్గర ఉండు" అన్నారు. వదినగారి ఇంటి నిండా జనమే. ఆ జనంలో నేను ఎక్కువైన మనిషిని. ఇక్కడైతే ఒంటరితనమైనా నా సొంతం. "ఒక నెల ఆగండి" అని మాత్రం అనగలిగాను.

మరునాడు పొద్దున్నే పాల పెద్దమ్మ గుమ్మంలోనే కబురు విప్పింది. "అమ్మీ, ఇన్యావా? దేవుడుండే సోటికి పన్నే లేదంట! గంగవరంలో మా మరిది సెప్పినాడు."

"మా ఇంట్లో ఉండాడు కదా పెద్దమ్మా."

"ఊరికే ఉంటే సాలదంట. జనం రావల్ల, గంట కొట్టల్ల, భజన సేయల్ల. ఆ పని నాకిడిసిపెట్టు."

శనివారానికి స్వామి ముందుగదిలోకి వచ్చేశాడు. వీధి మొగదల గోలీసోడా అమ్మే సోడా మామ తనకు తానే పూజారి అయిపోయాడు. నామమూ పెట్టుకుని, విభూతీ పూసుకున్నాడు (ఏదో ఒకటి పనికొస్తుందని కాబోలు). తాళాలొచ్చాయి, చెక్కలొచ్చాయి, నేను గుగ్గిళ్ళు ఉడకబెట్టాను. మా గడప ముందు అన్ని చెప్పులు పోగుపడటం చూసి, వంటింట్లోకి పోయి కాసేపు కళ్ళు తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే పన్ను సంగతే మరిచిపోయాను.

ఇది గుడి, పన్ను తీసెయ్యమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాం. ఓ శనివారం సాయంత్రం భజన మధ్యలో పన్ను లెక్కలు చూసే సారు రానే వచ్చారు. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, తీర్థానికి చెయ్యి చాపారు. తీర్థం అయిపోయింది. మామ కంగారులో ఓ సోడా కొట్టి పంచపాత్రలో పోశాడు. సారు చేతిలో తీర్థం బుసబుసమని పొంగింది. ఆయన దాన్ని తాగి, కొంగు చాటున నవ్వుతున్న ఆడవాళ్ళ వైపు చూసి ఒకసారి తేన్చారు.

"రాత్రి ఈ గుడికి తాళమెవరేస్తారప్పా?"

అందరూ నావైపు చూశారు. పెద్దమ్మ నా మోచేతి మీద గిల్లింది. స్వామి ఎదురుగా నిలబడి, ఇక్కడెవరూ కాపురం లేరని అబద్ధమాడేందుకు నోరు రాలేదు.

"నేనే సార్. ఈడే పండుకుంటాను. వీళ్ళంతా పోతే ఆయనా నేనూ, ఇద్దరమే ఉండేది."

సారు గది నాలుగు వైపులా చూశారు. "అమ్మా, అందరికీ చెందిన గుడికే పన్ను మాఫీ. కాపురముండే ఇంట్లో ఎంత భజన చేసినా పన్ను కట్టాల్సిందే. అయినా ఈడ అంగడి యాడుండాది? బాడుగా లేదు, బేరమూ లేదు. సొంతదారులే కాపురముండారని రాసియ్యి, అంగడి లెక్క తీసేపిస్తాను."

"అంతేనా సార్?"

"అంతే. దీనికోసరం గుడెందుకప్పా కట్టినారు?"

"తెలీక సార్," అన్నాడు మామ. "సోడా తాగుతారా?"

"ఇప్పుడే తాగితిని కదప్పా, తీర్థమని!"

నవ్వులు సద్దుమణిగాక, పని అయిపోయింది కదా అని జనం తాళాలు సర్దుకోసాగారు. ఇల్లు నాకు దక్కింది. కానీ చెప్పుల పోగు కరిగిపోతుంటే గడప దగ్గరే నిలబడి చూశాను. సారు వెళ్ళకుండా బయట అరుగు మీద కూర్చున్నారు. "యాల ఆపినారు? పాడండమ్మా. మా ఇంటోళ్ళంతా కలికిరిలో ఉండారు. ఈడ గదిలో ఒక్కడినే. పాట విని శానా దినాలైంది."

జనం మళ్ళీ కూర్చున్నారు. సారూ గొంతు కలిపారు. అంత ఘోరమైన గొంతు నేను మళ్ళీ వినలేదు. బదిలీ అయ్యేదాకా శనివారం శనివారం వచ్చి, ఆ అరుగు దాటి లోపలికి రాకుండా (ఇది గుడి కాదు, ఒకరి ఇల్లని తెలిశాక మొహమాటం కాబోలు), అదే గొంతుతో పాడి, గుగ్గిళ్ళు తిని వెళ్ళేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ భజన ఆపాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. ఎనభైల్లో నేనూ కుప్పం చేరాను. పన్ను తప్పించుకునేందుకు దేవుణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక ఆ సారు గొంతు గుర్తొస్తుంది.

ఆ సారు పేరు మేమెవరమూ అడగలేదు. పన్ను సారు అనే పిలిచేవాళ్ళం. మీ ఇంటికి పన్ను నోటీసు వచ్చినప్పుడు, విసుక్కునే ముందు ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి. ఎక్కడున్నా ఆయన పక్కన నలుగురు పాడేవాళ్ళు ఉండాలని, ఆ గొంతు విని కూడా లేచిపోనివాళ్ళు ఉండాలని, నాతోబాటు మీరూ ఒక మాట దేవుడికి చెప్పండి.