పక్కింటి ద్రాక్షపళ్లు

మా కుక్కని పాలుతాగే వయసునుంచీ పెంచింది నేను. అయినా సాయంత్రమయ్యేసరికి అది పక్కింటి పాస్టరమ్మగారి గుమ్మంలో తోక ఊపుతూ కూర్చునేది. ఆవిడ రోజూ ఏదో ఒక పండు పెట్టేది. నేను పిలిస్తే తల కూడా తిప్పేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆవిడ చేతిలో ద్రాక్షగుత్తి కనపడింది. "అయ్యో, పెట్టకండి! ద్రాక్ష తింటే కుక్కలకి కిడ్నీలు పోతాయంటండీ," అని గోడ మీంచి అరిచాను.

"అది నా దగ్గరికొస్తందని మీకు కుళ్లు కదండీ," అని ఆవిడ నవ్వింది.

కుళ్లున్న మాట నిజమే గాని, ద్రాక్ష సంగతి నేను కల్పించింది కాదు. వెంటనే పశువుల డాక్టరుకి ఫోన్ చేసి ఆవిడకిచ్చాను.

"ఒక్కటి కూడా పెట్టొద్దమ్మా. కిస్‌మిస్ కూడా వద్దు. అరటిపండైతే చిన్న ముక్క పెట్టండి, ఏం కాదు," అన్నాడాయన.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఇంకా పెట్టలేదు, దేవుడి దయ," అంటూ గుత్తి లోపల పెట్టేసింది.

మర్నాడు ఆవిడకంటే ముందే నేను అరటిపండు ముక్క కోసి కుక్కని పిలిచాను. అది పరుగున వచ్చి తినేసి, మూతి నాక్కుంటూ మళ్లీ ఆవిడ గుమ్మంలోకే పోయింది.