తాళం వేయనివ్వని మనిషి

ఈ ఉదయం మైకు బండి మా వీధిలో తిరిగి, గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిందని చెప్పి వెళ్లింది. అరుగు మీద కూర్చున్న మావారు ఆ మాట పక్క జిల్లా వాళ్లకు చెప్పినట్టు పేపరు తిరగేశారు. నా చేతులు మాత్రం చల్లబడ్డాయి.

భద్రాచలంలో లోతట్టున ఇల్లున్న నా ఈడువారికి ఆ చల్లదనం వివరించనక్కరలేదు. అయినా కొన్నేళ్ల కిందటి ఆ వరద గురించి నాకు రావలసిన సమాధానం ఇంకా రాలేదు కనుక, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

హాస్టలు వార్డెనుగా పదవీ విరమణ చేశాక, మలేసియాలో భోజనశాల నడుపుతున్న మా పిన్ని కొడుకు పిలిస్తే, చింతచిగురు పప్పు, వెదురు కొమ్ముల కూర, ఇప్పపువ్వు లడ్డూ అక్కడి వంటవాళ్లకు నేర్పడానికి వెళ్లాను. కొబ్బరిపాలలో ఉడికించే అన్నమూ, ఎండుచేపల కారమూ నేను నేర్చుకున్నాను. ఇంటికి రాగానే మావారికి వండిపెట్టాలని దారి పొడుగునా అనుకున్నాను. గోదావరి పొంగుతున్నదని వార్తల్లో చూసి కూడా, నా ధ్యాస చెదిరి వంట చెడుతుందని, ఆ తమ్ముడు సంగతి నాకు చెప్పలేదు. దానిని నేటికీ క్షమించలేదు.

హైదరాబాదులో దిగి బస్సెక్కితే, అది సారపాక దగ్గర ఆగిపోయింది. ఎదురుగా వంతెన, వంతెన కింద నది అనడానికి వీల్లేనంత నీళ్లు. నన్ను ఆపిన కానిస్టేబులు మర్యాదగానే చెప్పాడు.

“పెద్దమ్మా, బ్రిడ్జి మీద ఎవ్వల్ని ఇడుస్తలేం. అవతలోళ్లందర్నీ సెంటర్లకు తీస్కపోయిండ్రు, పరేషాన్ గాకు.”

మావారి ఫోను మోగడం లేదు. పునరావాస కేంద్రంలో ఉన్న పక్కింటి ఆమెకు చేస్తే, ఆమె గొంతు తగ్గించింది.

“అందరం వచ్చినం వదినా. అన్న ఒక్కడే రాలే. మీ వదిన దేశాలు దాటి వస్తుంది, తాళమేసిన ఇంటికి ఎట్ల రానిస్తనని మిద్దె మీద కూసున్నడు.”

దూరం నుంచి వచ్చిన మనిషికి గడప దగ్గర ఒకరు నిలబడి కాళ్లకు నీళ్లివ్వాలన్నది మా అత్తగారింటి పద్ధతి. ఆ పద్ధతి కోసం ఒక మనిషి నీళ్ల మధ్య ఒంటరిగా కూర్చున్నాడని తెలిశాక మళ్లీ వంతెన వైపు నడిచాను, మళ్లీ వెనక్కి పంపారు. మేము ఎప్పుడూ బట్టలు కుట్టించుకునే దర్జీ ఇల్లు అక్కడికి దగ్గరే. ఆయన భార్య నన్ను లోపలికి తీసుకుపోయి కంచం ముందు పెట్టింది.

“తిను అక్కా, జల్దీ తిను. నువ్వు తినకుంటే గోదారి దిగుతదా ఏంది?”

రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాను. ఆయన లేని ఇంటి గడప నేను ఒంటరిగా దాటవలసి వస్తుందేమోనన్న ఒక్క ఊహ తెల్లవార్లూ నన్ను నిద్రపోనివ్వలేదు.

మరునాడు నీరు కొంత తగ్గాక వంతెన మీద నడవనిచ్చారు. మా వీధి మొదట్లో పడవ ఎక్కించారు. మిద్దె మెట్ల మీద, చివరి పొడి మెట్టున, నెరిసిన గడ్డంతో మావారు కనిపించారు. నేను ఏడ్చేలోపే ఆయన నవ్వారు.

“ఏంది గట్ల చూస్తవ్? కాళ్లకు నీళ్లు చెంబుతో సరిపోతయో లేదోనని, గోదారినే గడప దాకా తెప్పిచ్చిన.”

పడవలో వాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ నవ్వు నాకు ఈనాటికీ రాలేదు.

అప్పట్లో వీధిలో ఏ ఇంట్లో ఎవరు మిగిలిపోయారో పక్కింటివాళ్లకు తెలిసేది, మొండికేస్తే చేయి పట్టుకుని లాగే చనువూ ఉండేది. ఇప్పుడు హెచ్చరిక మైకులోనో ఫోనులోనో వచ్చి పోతుంది. పక్కింట్లో ఉన్నది అద్దెకు వచ్చినవాళ్లు, ఆయన పేరైనా ఎరుగరు. ఆనాడు రెండేసి మెట్లు ఎక్కిన ఆయన మోకాళ్లు ఇప్పుడు అరుగు దిగడానికే గోడ పట్టుకుంటున్నాయి. ఎల్లుండి నేను మళ్లీ మలేసియా బయలుదేరాలి.

కాబట్టి మావారికి ఈ మూలకంగా తెలియజేయునది: నేను ఊళ్లో లేనప్పుడు రెండవ హెచ్చరిక వెలువడినచో, మీరు ఇంటికి తాళం వేసి పునరావాస కేంద్రానికి వెళ్లెదరా, లేదా? నా ప్రయాణానికి ముందే, మీ చేతిరాతతో, సంతకంతో సమాధానం ఇవ్వగలరు. “చూద్దాంలే” అన్నది సమాధానంగా స్వీకరించబడదు.